పటము మీద ప్రాణిలోకము

*ఏ జీవి ఎక్కడ ఉన్నది, అక్కడే ఏల ఉన్నది అను రెండు ప్రశ్నలు తరగతి గదిలో అడుగుపెట్టిననాడు జీవశాస్త్ర పాఠము స్వరూపమే మారిపోవును. కొల్లేటి గట్లనుండి హవాయి దీవుల కొండలదాక, కడప లంకమల చిట్టడవులనుండి కేరళ బడులదాక ఆ మార్పు నడచిన త్రోవ ఇది.*

పుష్యమాసపు మంచు ఇంకను పూర్తిగా విడలేదు. కొల్లేటి ఒడ్డుననున్న ఒక ప్రభుత్వోన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలు తూర్పు కిటికీ అద్దముమీద మూడు ట్రేసింగు కాగితములను ఒకదానిపై నొకటి అదిమిపట్టి నిలుచున్నారు. మొదటి కాగితముపై నీలిపెన్సిలుతో గీసిన నీటి విస్తీర్ణము. రెండవదానిపై కిక్కిస, తుంగ, తామర, గుర్రపుడెక్క ఎచ్చటెచ్చట పెరుగుచున్నవో తెలుపు ఆకుపచ్చ మచ్చలు. మూడవదానిపై ఎర్రచుక్కలు, ఆ పిల్లలు గట్లవెంట తిరిగి కన్నులార చూచిన పక్షిగుంపునకు ఒక్కొక్క చుక్క. ఎండ తిరిగి అద్దముపై పడిన కొలదిని మూడు కాగితములును కలిసి ఒక్క పటమై వెలుగసాగినవి. ఎర్రచుక్కలలో అధికభాగము నీలమునకును ఆకుపచ్చకును నడుమనున్న సన్నని అంచునే పట్టుకొని ఉండుట అందరికంటె ముందుగా కనిపెట్టినది, వెనుక వరుసలో మునివేళ్ళపై నిలిచి తొంగిచూచుచున్న బాలిక.

"టీచరుగారండి, నడి నీళ్ళలో చుక్క ఒక్కటి కూడా లేదేంటండి?"

ఉపాధ్యాయిని వెంటనే బదులు చెప్పలేదు. "నువ్వే కొంగవనుకో. ఎక్కడ నిలబడతావు?" అని ఎదురు ప్రశ్న వేసినది. చేపలు పట్టు ఇంట పుట్టిన పిల్లవాడొకడు అందుకొని, "నడిమధ్యన లోతండి, కాళ్ళు ఆనవండి. ఇటు ఒడ్డుకొస్తే పిల్ల చేప దొరుకుద్దండి" అన్నాడు. "మరి గూడబాతులు ఈదుతాయి కదరా?" అని ఇంకొకడు. "అవి మా చెరువుల మీదకొస్తాయండి. మా నాన్నోళ్ళు టపాకాయలు కాల్చి తోలేస్తారండి" అని మూడవవాడు. గంట మ్రోగువరకు ఆ తరగతిలో పుస్తకము తెరచినవారు లేరు. కాని ఆవాసము, ఆహారపు గొలుసు, జాతుల నడుమ పోటీ, మనిషికిని పక్షికిని గల వైరము, ఇవన్నియు ఆ నలుబది నిమిషములలో ఆ పిల్లల నోటనే వచ్చినవి.

కొల్లేటి సరిహద్దులను గూర్చిన వాదము మరల పత్రికలకెక్కి, ఏలూరు, కైకలూరు ప్రాంతములలో ప్రతి టీకొట్టుకడను చర్చకు వచ్చుచున్న ఈ దినములలో, ఆ సరస్సు ఒడ్డున పెరుగుచున్న బిడ్డలు దానిని ఏ విధముగా నేర్చుకొనుచున్నారను ప్రశ్న నాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. మన జీవశాస్త్ర పుస్తకములలో జీవవైవిధ్య సంరక్షణను గూర్చిన పాఠము చాలకాలముగా ఉన్నది. అంతరించిన జాతులు, ఆపదలోనున్న జాతులు, ఒక్క ప్రాంతమునకే పరిమితమైన స్థానీయ జాతులు అని అందు నిర్వచనములున్నవి. పెద్దపులి, బట్టమేకపిట్ట, రాబందు బొమ్మలున్నవి. పిల్లలు వానిని కంఠస్థము చేసి పరీక్షలో చక్కగా వ్రాయుదురు. కాని ఆ పాఠములో ‘ఎక్కడ’ అను ప్రశ్న లేదు. జీవికి చోటు లేకుండ బోధించిన పాఠము జాబితాగా మిగులును, జాబితా పరీక్ష ముగిసిన మరునాడు మరపున పడును.

కొలతగొలుసు పట్టిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు

నిజమునకు ఏ జీవి ఎక్కడ ఉన్నదో తెలుపు ఈ శాస్త్రము పటముతోడనే పుట్టినది. అలెగ్జాండర్ హంబోల్టు 1802లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతమెక్కి, ఏ ఎత్తున ఏ మొక్క మొదలై ఏ ఎత్తున ఆగిపోవుచున్నదో గుర్తించి, 1807లో ఆ కొండనే నిలువుగా కోసినట్లు చిత్రించి, దాని వాలుపై మొక్కల పేర్లను ఎత్తులవారీగా నింపి ప్రకటించెను. ఆ చిత్రమును చూచినవారికి వృక్షజాతులు చలికి, గాలికి, ఎత్తునకు లోబడి వరుసలు తీరియున్న సంగతి వివరణ అక్కరలేకుండనే తెలిసిపోయినది.

అంతకంటె ఆసక్తికరమైనది ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలేసు కథ. పేదరికమువలన బడి మాని, యౌవనమున ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో భూములు కొలుచు సర్వేయరుగా పనిచేసినవాడతడు. 1854 మొదలు 1862 వరకు మలయా ద్వీపసమూహమున సంచరించుచు, పురుగు పట్టినను పిట్ట పట్టినను దాని ప్రక్కనే చోటు పేరు వ్రాయు అలవాటును అతడు విడువలేదు. 1856లో బాలినుండి లంబోకు దీవికి దాటినప్పుడు, నడుమ సముద్రము 35 కిలోమీటర్లు మాత్రమే యైనను, బాలిలో కనబడిన కంసాలిపిట్టలు, వడ్రంగిపిట్టలు అక్కడ లేవు. వానికి మారుగా ఆస్ట్రేలియా దేశపు కాకతువ్వలు కనబడినవి. రెండు దీవులకు ఒకే ఎండ, ఒకే వాన. ఐనను ప్రాణికోటి వేరు. 1863లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ సభలో అతడు ఒక పటము చూపి, ఆ జలసంధిమీదుగా ఎర్రని గీత గీచెను. ఆ సంధి మిక్కిలి లోతైనదనియు, హిమయుగములలో సముద్రము తగ్గినప్పుడు కూడ ఆ రెండు దీవులు కలిసియుండలేదనియు గ్రహించిన తరువాత, ఆ గీత భూమి చరిత్రనే చెప్పసాగినది. వాలేసు గీతయని నేటికిని దాని పేరు. సర్వే గొలుసు పట్టిన చేతులు కాకపోయినచో ఆ గీత అంత తొందరగా కనబడి ఉండెడిది కాదని నా నమ్మకము.

సర్వేతో మన సీమకు పరిచయము క్రొత్తది కాదు. తరువాత భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ దక్షిణదేశమును కొలుచుచు తిరిగిన కాలమున అతనికి కుడిభుజమై నిలిచి, ఊరూరి వృత్తాంతములు సేకరించిన కావలి వేంకట బొర్రయ్య, అతని తమ్ములు కొల్లేటికి పొరుగుననున్న ఏలూరువారే.

ఐదవ కాంటూరు

కొల్లేటి గ్రామములలో కాంటూరనిన తెలియని ఇల్లు లేదు. సముద్రమట్టమునకు ఒకే ఎత్తుననున్న చోట్లనన్నింటిని కలుపుచు పటముపై గీసిన గీత అది. పట్టణములలో చదివిన పెద్దలకు కూడ అంతగా పట్టని ఆ గీత ఇక్కడ పొలము హక్కులను, చెరువు గట్లను, పెండ్లి సంబంధములను సైతము నిర్ణయించుచున్నది. 1999లో కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినప్పుడు హద్దుగా తీసికొన్నది ఐదడుగుల కాంటూరు, దాని లోపలి విస్తీర్ణము సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందపు చిత్తడినేలల పట్టికకు ఎక్కినప్పుడు లెక్కలోనికి వచ్చినది పదడుగుల కాంటూరు, దాని విస్తీర్ణము 901 చదరపు కిలోమీటర్లు. మూడడుగుల కాంటూరులో అయితే 135 మాత్రమే. సరస్సు ఒక్కటే, గీత మారిన కొలదిని అది వేరొక సరస్సగుచున్నది.

ఈ మూడు సంఖ్యలను పిల్లలచేత మూడు రంగులలో పటముపై నింపించిన ఉపాధ్యాయునికి, వేరుగా ఉపన్యాసము చేయు పని ఉండదు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న ఈ పల్లము ఎంత చదునైనదనగా, నీరు ఒక్క అడుగు పెరిగినచో పదుల చదరపు కిలోమీటర్ల నేల తడియును, ఒక్క అడుగు తగ్గినచో అంత నేలయు బయటపడును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసిన నీరు వానకాలమున పరచుకొని, ఉప్పుటేరుగుండ సముద్రమునకు మెల్లగా దిగిపోవునప్పుడు, జానెడు లోతు నీరుండు అంచు దినదినమును జరుగుచుండును. నత్తగుల్లకొంగ, ఎర్రకాళ్ళకొంగ, ఉల్లంకిపిట్ట మొదలగునవి ఆ జరుగు అంచును వెంబడించుచు మేయును. చేపల చెరువునకు అంచు లేదు. నిటారు గట్టు, గట్టు వెంటనే నిలువు లోతు. ఆ బాలిక అడిగిన ప్రశ్నకు సమాధానము ఇక్కడ ఉన్నది: నీరు ఎంత ఉన్నదనుటకంటె ఆ నీటికి అంచు ఎంత ఉన్నదనునది కాళ్ళతో నిలిచి మేయు పక్షికి జీవన్మరణ సమస్య. ఇన్ని సంవత్సరములుగా సాగుచున్న కొల్లేటి వాదములో ఈ ఒక్క విషయమును ఇంత స్పష్టముగా చెప్పిన సభను నేనెరుగను. మూడు కాగితములు కలిపిచూచిన పిల్లలు ఒక్క ఉదయమున దానిని పట్టుకొనిరి.

భారత దూరసంవేదన ఉపగ్రహము 2001 ఫిబ్రవరి 9న తీసిన చిత్రమును ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించినప్పుడు తేలిన సంగతి ఇది: వారు సరస్సుగా లెక్కించిన 245 చదరపు కిలోమీటర్లలో సుమారు 42 శాతము చేపల చెరువులే. చెరువుల సంఖ్య 1,050. ఎండిపోయినవి మరి 38. అన్నియు కలిసి సుమారు 103 చదరపు కిలోమీటర్లు. మరి ఎనిమిదిన్నర శాతము పొలములు. తేటనీరు ఆ చిత్రమున కానరాలేదు. ఆ పిమ్మట 2006 ప్రాంతమున ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర అభయారణ్యములోని గట్లను యంత్రములతో తెగగొట్టించిరి. ఆ సంవత్సరములకు ముందు వెనుకల ఉపగ్రహ చిత్రములను ఒకదాని ప్రక్క నొకటి నేడు ఏ ట్యాబులోనైనను చూడవచ్చును.

అయితే తరగతిలో కూర్చున్న పిల్లలలో సగముమంది ఆ చెరువులమీద బ్రదుకు కుటుంబములవారు. గట్లు తెగిననాడు లీజు పోయి, అప్పు మాత్రము మిగిలిన ఇండ్లు ఆ లంకలలో ఉన్నవి. చెరువులు వచ్చిననాడు వల వేయు నీరు పోగొట్టుకొన్న వడ్డి కులపు కుటుంబములును ఉన్నవి. ఈ సంగతి ఎరిగిన ఉపాధ్యాయిని నాలుగవ కాగితమును కూడ గీయించుట నాకు మిక్కిలి నచ్చినది. దానిపై ఇండ్లు, దోనెలరేవులు, చేపల మావులు పాతిన చోట్లు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి, బొచ్చె శీలావతి పెంచు చెరువులు, కొర్రమీను ఇంకను దొరకు పాత మడుగులు గుర్తింపబడినవి. జీవవైవిధ్య పటమునుండి మనుష్యుని తొలగించి గీసినచో, అది అందముగా ఉండును గాని అబద్ధమగును.

> ఎర్రగా కనబడు పచ్చదనము
>
> ఉపగ్రహ చిత్రమును మొదటిసారి చూచు పిల్లలు పచ్చని పైరు ఎర్రగా ఉండుట చూచి ఆశ్చర్యపడుదురు. ఆరోగ్యముగానున్న ఆకు మన కంటికి కానరాని పరారుణ కాంతిని మిక్కుటముగా వెనుకకు పంపును. ఆ కాంతికి ఎరుపు రంగు వేసి చూపుట వాడుక. అందుచేత దట్టమైన అడవి ముదురెరుపు, లోతునీరు నలుపు, బురదనీరు లేతనీలము. అమెరికా లాండ్‌శాట్ చిత్రములు 1972 నుండి ఉన్నవి, 2008 నుండి అవి అందరికిని ఉచితము. మన తొలి పూర్తిస్థాయి దూరసంవేదన ఉపగ్రహము ఐఆర్‌ఎస్-1ఏ 1988 మార్చి 17న ఎగిరినది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము నడుపు ‘భువన్’ పటములు 2009 ఆగస్టులో ప్రజలకు అందినవి. అందు బడిపిల్లలకై ప్రత్యేక విభాగము కలదు.

పొరపై పొర

కిటికీ అద్దముమీద ఆ పిల్లలు చేసిన పనినే పెద్ద ఎత్తున చేసి, ఒక దేశపు సంరక్షణ విధానమును మార్చిన ఉదంతము హవాయి దీవులలో జరిగినది. అక్కడి అడవులలో, ప్రపంచమున మరెక్కడను లేని చిన్న చిన్న పిట్టలు, తేనె త్రాగునవి, బెరడు దొలిచి పురుగు తినునవి, ఒక్కొక్కటిగా నశించుచుండగా, జె. మైకేల్ స్కాట్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును 1970ల చివర మొదలుపెట్టి కొండలెక్కి, లావా రాళ్ళమీద నడిచి, ఏ పిట్ట ఎచ్చట పలికినదో లెక్క వ్రాసిరి. ఆపదలోనున్న జాతుల పటములను ఒకదానిపై నొకటి పరచిరి. పిదప వానిపై ప్రభుత్వపు రక్షితప్రాంతముల పటమును పరచిరి.

పిట్టలున్నచోట రక్షణ లేదు. రక్షణ ఉన్నచోట పిట్టలు అరుదు. అందమైన అగ్నిపర్వత శిఖరములు, చరిత్ర ప్రసిద్ధములైన తీరములు ఉద్యానవనములుగా ఉన్నవి. పిట్టలు మాత్రము వాని నడుమనున్న, ఎవరికిని పట్టని మధ్యపుటెత్తుల తడి అడవిలో గుమికూడియున్నవి. ఆ వెలితిని పూరించుటకే 1985లో మౌనా కియా కొండవాలున హకలావు అటవీ శరణాలయము ఏర్పడినది. తరువాత అమెరికా దేశమంతట ఈ పద్ధతి ‘గ్యాప్ విశ్లేషణ’ అను పేర వ్యాపించినది. భౌగోళిక సమాచార వ్యవస్థ, జీఐఎస్ అని ఇప్పుడు అందరును పిలుచునది, కెనడా దేశమున రోజర్ టామ్లిన్సన్ 1960లలో రూపొందించినది, సారాంశములో ఈ పొరల పరుపే: నేల ఒక పొర, నీరు ఒక పొర, చెట్టు ఒక పొర, పిట్ట ఒక పొర, మనిషి ఒక పొర. కంప్యూటరు చేయునది వానిని తొందరగా పరచి, తొందరగా కొలుచుట. ఏ పొరపై ఏ పొర పరచవలెనో నిశ్చయించు ఆలోచన మాత్రము తరగతిలోని పిల్లవాడు చేయవలసినదే, చేయగలిగినదే.

కలివికోడి జాడ

హవాయి దూరమనుకొన్నవారికి కడప దగ్గర. జెర్డను అను ఆంగ్ల వైద్యుని పేరున శాస్త్రలోకమెరిగిన కలివికోడి తూర్పు కనుమల పాదమున ముండ్లపొదల నడుమ రాత్రివేళ మాత్రమే తిరుగాడు చిన్న పక్షి. 1848లో దాని వర్ణన గ్రంథస్థమైనది. గోదావరి తీరమున సిరోంచ, భద్రాచలము ప్రాంతములలోను, పెన్న లోయలోను అడపాదడపా కనబడి, 1900లో అనంతపురము సమీపమున చూచిన పిమ్మట మరి కానరాలేదు. అంతరించిపోయినదనియే లోకము తలచినది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు పాత రికార్డులలోని ఊళ్ళ పేర్లను పటముపై పెట్టి, ఆ పక్షి బొమ్మను పల్లెపల్లెకు చూపుచు తిరుగగా, కడప జిల్లా రెడ్డిపల్లె సమీపమున 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు రాత్రి టార్చిలైటు వెలుగులో దానిని పట్టి తెచ్చెను. ఎనుబది ఆరేండ్ల తరువాత మరల కనబడిన ఆ పక్షి పేరు ఆ పల్లెవారికి మొదటినుండి తెలిసినదే.

అంతటితో పని ముగియలేదు. రాత్రి తిరుగు, గుట్టుగా దాగు ఆ పక్షిని లెక్కపెట్టుట ఎట్లు? పరిశోధకులు పొదల నడుమ సన్నని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారి వచ్చి, దానిపై పడిన కాలిముద్రలను పరిశీలించిరి. కలివికోడి పాదమునకు మూడే వ్రేళ్ళు, వెనుక వ్రేలు లేదు. కనుక పక్కపక్కన నడచిన ఇతర పక్షుల ముద్రలనుండి దానిని వేరుచేయవచ్చును. ముద్రలు పడిన చోట్లలో పొదలు ఎంత దట్టముగా, ఎంత పలుచగా ఉన్నవో కొలిచి, అటువంటి పొదలు మరెచ్చట ఉన్నవో ఉపగ్రహ చిత్రములలో వెదకిరి. మరీ చిక్కని పొద అయినను, మరీ బయలైనను దానికి పనికిరాదని తేలినది. గొర్రెలు మేకలు మేసి, కొంత పలుచబరచిన పొదలనే అది కోరుచున్నది. తెలుగుగంగ కాలువ ఒకటి ఆ ఆవాసమును చీల్చుకొనిపోవు ప్రమాదము వచ్చినప్పుడు దాని దారి మార్పించుటకు ఈ పరిశోధనల బలము తోడైనది.

ఈ ఒక్క కథను తొమ్మిదవ తరగతిలో వారము రోజులు చెప్పవచ్చును. బడిమైదానములో రాత్రి నాలుగు చోట్ల జల్లించిన మట్టి పరచి, తెల్లవారి ముద్రలు చూచి, మైదానపు పటముపై గుర్తించిన పిల్లలకు కుక్క, పిల్లి, ముంగిస, తొండ, కోడి ఏ దారిన వచ్చి ఏ దారిన పోవుచున్నవో తెలియును. గోడ వారకే ముంగిస నడచుట, వేపచెట్టు క్రిందనే ఉడుత ముద్రలు గుమికూడుట చూచిన పిల్లవాడు ఆవాసమను మాటకు ఇక నిర్వచనము అడుగడు.

ఖాళీ చోట్లు

పటమునకు ఒక ప్రమాదమును ఉన్నది, దానిని పిల్లలకు మొదటినాడే చెప్పవలెను. కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర కేంద్రమువారు 2002లో ప్రారంభించిన ‘ఈబర్డ్’లో మన రాష్ట్రముల పటము తెరచి ఏ సామాన్య పక్షినైనను వెదకినచో, హైదరాబాదు, తిరుపతి, విశాఖపట్టణము చుట్టును చుక్కలు క్రిక్కిరిసియుండును, లోపలి మండలములెన్నో బోసిగా ఉండును. పిచ్చుకలు విశ్వవిద్యాలయముల చుట్టునే పుట్టుచున్నవని దాని అర్థము కాదు. చూచువారు అక్కడ ఉన్నారు, ఇక్కడ లేరు. ఖాళీగానున్న చోట ప్రాణి లేదా, చూచిన కన్ను లేదా అని వేరుచేసి అడుగుట నేర్చిన విద్యార్థి, రేపు ఏ పత్రికలోని ఏ పటమును చూచినను మోసపోడు. వైజ్ఞానిక దృష్టి అని మనము పెద్దమాటగా చెప్పునది ఇట్టి చిన్న అలవాటులనుండియే వచ్చును.

పొరుగున కేరళ ఈ ఖాళీలను నింపుటకు పూనుకొన్న తీరు మనము తెలిసికొనదగినది. 2015 నుండి 2020 వరకు వేయిమందికి పైగా స్వచ్ఛంద పక్షిప్రియులు రాష్ట్రమును చిన్న చిన్న చదరములుగా విభజించుకొని, తమ వంతునకు వచ్చిన చదరము పొలమైనను, కొండయైనను, సంతయైనను అక్కడికే పోయి, వానకాలమున ఒకసారి, వానలు లేని కాలమున ఒకసారి లెక్క తీసి పక్షుల అట్లాసును సిద్ధము చేసిరి. పిట్టలు అధికముగానుండు మంచి చోట్లకే పోవలెనను ఆశను అణచుకొనుట అందలి గొప్పతనము. అదే రాష్ట్రమున బడిపిల్లలు ‘సీజన్‌వాచ్’ కార్యక్రమములో ఒక్కొక్క చెట్టును దత్తు తీసికొని, వారమువారము చిగురు, పూత, కాయ ఉన్నవా లేవాయని వ్రాయుదురు. విషు పండుగకు పూయవలసిన కొన్నచెట్టు, మన రేలచెట్టే అది, కొన్ని చోట్ల ముందుగానే పూయుచున్న సంగతి ఈ పిల్లల రాతలవలన చర్చకు వచ్చినది. మన ఊళ్ళలో రేలకును, మోదుగకును, చింతకును కొదవ లేదు.

> పరికరములు లేని బడికి
>
> ఊరి పటము ఒకటి, ట్రేసింగు కాగితములు నాలుగు, రంగు పెన్సిళ్ళు, ఎండ పడు కిటికీ. ఇంతటితో పొరల పాఠము నడచును. నులకత్రాడుతో మీటరు చదరము కట్టి గడ్డిజాతులు లెక్కింపవచ్చును. సెల్‌ఫోను ఒక్కటి ఉపాధ్యాయుని చేత ఉన్నను అక్షాంశ రేఖాంశములు తెలియును. 2000 మే నెలకు పూర్వము సామాన్యుని జీపీఎస్ వంద మీటర్ల వరకు తప్పు చూపెడిది, ఇప్పుడు కొద్ది మీటర్లలో నిలుచును. ఏటేటా ఫిబ్రవరిలో నాలుగు దినములు జరుగు ప్రపంచ పక్షుల లెక్కింపులో పదిహేను నిమిషములు బడి ఆవరణలో చూచినను ఆ జాబితా లెక్కలోనికి వచ్చును.

చెప్పకూడని చుక్కలు

చూచినదానినెల్ల పటమెక్కించుట కూడ మంచిది కాదు. నక్షత్రపు తాబేలు, అలుగు, కలివికోడి వంటివాని చోటు నలుగురకు తెలిసినచో వేటగానికిని తెలియును. ఈబర్డ్‌లో అటువంటి పక్షుల చోటును బయటపెట్టరు. ‘ఐనాచురలిస్టు’లో ఆపదలోని జాతుల చుక్కను సుమారు ఇరువది కిలోమీటర్ల చదరములో ఎక్కడనో చూపి అసలు చోటును మరుగుపరచుదురు. పిల్లల విషయములోను ఇంతటి జాగ్రత్తయే అవసరము. ఇంటి పెరటిలో తీసిన చిత్రమును పిల్లవాని పేరుతోను, చోటుతోను బయటపెట్టక, బడి పేరుతో ఉపాధ్యాయుని ఖాతానుండి పంపుట మేలు. జ్ఞానమునకు మర్యాద ఉన్నదని పదమూడేండ్ల వయస్సున తెలియుట అల్పలాభము కాదు.

సైన్సు టీచరు, సోషల్ సారు

సాధనములు ఇప్పుడు కొదవ లేవు. ఒకప్పుడు తీరప్రాంతపు వివరమైన సర్వే పటము సామాన్యునికి దుర్లభము. 2021 ఫిబ్రవరి 15న కేంద్రము ఆ నిబంధనలను బాగుగా సడలించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతివారికి 2022 డిసెంబరులో ట్యాబులు పంచిరి. తెరలును అనేక పాఠశాలలకు వచ్చినవి. కాని ఆ తెరపై వీడియో పాఠము చూచుట వేరు, తమ ఊరి చెరువును 1990లోను నేడును పోల్చి చూచుట వేరు. రెండవది జరుగవలెననిన ఉపాధ్యాయునికి రెండు దినముల శిక్షణ కావలెను, నెలకొక పూట బయటకు పోవు అనుమతి కావలెను, అన్నిటికంటె ముఖ్యముగా పరీక్షలో దానికొక ప్రశ్న కావలెను. ప్రశ్నపత్రములో లేనిదానికి తరగతిలో చోటు దొరకదని ప్రతి ఉపాధ్యాయునికిని తెలుసును.

మరియొక చిక్కు టైంటేబిలులో ఉన్నది. మన బడులలో పటము సోషల్ సారుది, జీవి సైన్సు టీచరుది. కాంటూరు గీత ఒక పీరియడులోను, కొంగ మరొక పీరియడులోను ఉండుటచేత, ఆ రెండును ఒకే నేలపై ఉన్నవను సంగతి పిల్లవానికి స్ఫురించు అవకాశము తక్కువ. వారానికొక్క పీరియడు ఆ ఇద్దరును కలిసి తీసికొనుటకు ప్రధానోపాధ్యాయుని సంతకము తప్ప వేరొక ఖర్చు లేదు. ఖరీదైన సాఫ్ట్‌వేరు కొనుమని ప్రభుత్వమును అడుగుటకంటె ముందుగా ఈ చిన్న మార్పును అడుగవలెనని నా అభిప్రాయము.

ఇట్లు తయారైన పటములు బడి గోడమీదనే మిగిలిపోనక్కరలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థకును జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఆ ఊరి చెట్టు చేమ, పశువు పక్షి, వైద్యము వ్యవసాయము వివరములు గల ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. 2012 అక్టోబరులో ప్రపంచ దేశముల జీవవైవిధ్య సదస్సు హైదరాబాదులో జరిగినప్పుడు ఈ రిజిస్టర్లను గూర్చి మనము గర్వముగా చెప్పుకొంటిమి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి గడువు విధించిన పిమ్మట దేశమంతట వానిని త్వరత్వరగా పూర్తిచేసిరి. ఒకసారి వ్రాసి బీరువాలో పెట్టిన రిజిస్టరు ఏటేటా మారు ఊరిని చూపలేదు. పిల్లలు ఏటేటా గీయు పటము చూపగలదు. సర్పంచిగారితోను, పంచాయతీ కార్యదర్శిగారితోను ఒక మాట చెప్పి, ఆ రిజిస్టరును బడికి తెప్పించి, అందలి జాబితాలోని ఒక్కొక్క పేరునకు పటముపై చుక్క పెట్టించి, చుక్క పెట్టలేకపోయిన పేర్లను వేరుగా వ్రాయించు పని వచ్చే జూన్‌లో బడి తెరచిన మొదటివారముననే ఏ సైన్సు టీచరైనను మొదలుపెట్టవచ్చును.